అత్తమ్మ ఈదిన చెరువు

పెళ్లయిన కొత్తలో మేం సూర్యాపేటలో చెరువును ఆనుకుని ఉన్న ఒక వాడలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఎనభైల నడిమి కాలం అది. మా ఆయన మార్కెట్ యార్డులో రైతుల ధాన్యం అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేసేవాడు. నేను ముందుగదిలో మిషన్ వేసుకుని జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. వెనక తలుపు తీస్తే నాలుగు తుమ్మచెట్లు, బర్రెలు నడిచి నడిచి పడిన బాట, ఆ తర్వాత అంతా నీళ్లే. అవతలి ఒడ్డు ఎండ బాగా కాసిన రోజునే స్పష్టంగా కనిపించేది.

చెరువు పక్కన కాపురం అంటే ఏమిటో ఆ ఇంట్లోకి వచ్చేదాకా నాకు తెలియదు. వానాకాలంలో డబ్బాలో ఉప్పు నీరుగారేది. అగ్గిపుల్ల గీస్తే మందు మెత్తగా రాలిపోయేది. వాడకుండా వదిలేస్తే మిషన్ సూదికి తుప్పు పట్టేది. గోడల కింది భాగం ఎప్పుడూ చెమ్మగానే ఉండి సున్నం పొక్కులు పొక్కులుగా లేచేది. ఎండాకాలంలో మాత్రం ఊరంతా ఉడికిపోతుంటే మా వెనక తలుపులోంచి చల్లటి గాలి వచ్చేది. వాడలో ఆడవాళ్లు చాటల్లో బియ్యం పోసుకుని ఏరుకోవడానికి మా గడప దగ్గరికే చేరేవాళ్లు. పొద్దున్నే దూరంగా రేవులో బట్టలు ఉతుకుతుంటే బట్ట బండ మీద పడడం ముందు కనిపించేది, చప్పుడు కాస్త ఆగి వినిపించేది. మొదట్లో ఆ తేడాకే నేను ఉలిక్కిపడేదాన్ని.

నిజానికి నాకు నీళ్లంటేనే భయం. మా పుట్టిల్లు మిర్యాలగూడ. ఎటు చూసినా రైసు మిల్లులు, గాలిలో ఎగిరే ఊక బూడిద. ఊరి పక్కనుంచి కాలువ పారేది కానీ మా అమ్మ మమ్మల్ని దాని దరిదాపులకు పోనిచ్చేది కాదు. అందుకే సూర్యాపేట వచ్చిన కొత్తలో వెనక తలుపు ఎక్కువగా మూసే ఉంచేదాన్ని. అంత నీరు ఏ కదలికా లేకుండా మన ఇంటి వెనక పడి ఉంటే, ఎవరో మాట్లాడకుండా నిలబడి మనల్ని చూస్తున్నట్టు అనిపించేది.

రెండో ఏడు మా మామగారు పోయారు. పెన్‌పహాడ్ అవతల ఊళ్లో ఉన్న భూమిని కౌలుకిచ్చి మా ఆయన అత్తమ్మను మా దగ్గరికి తీసుకొచ్చాడు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. పొడగరి, బక్కపలచగా, ఎముక గట్టి మనిషి. మాట తక్కువ. ఊళ్లో తెల్లవారేసరికి పొలంలో ఉండే మనిషికి ఈ రెండు గదుల్లో ఏం పని ఉంటుంది? ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చేది. నేను కత్తిరించి పడేసిన గుడ్డ ముక్కలు ఏరి రంగుల వారీగా మూటలు కట్టేది. తర్వాత వెనక తలుపు తెరిచి గడప మీద కూర్చునేది. ఆమె వచ్చాక ఆ తలుపు మళ్లీ పగలు మూసింది లేదు.

ఒకనాడు పొద్దున నేను పొయ్యి వెలిగిస్తుంటే వెనకనుంచి వచ్చింది. తలలోంచి నీళ్లు కారుతున్నాయి. చీర ఒంటికి అతుక్కుని ఉంది.

"యాడ తడిసినవ్ అత్తమ్మా?" అన్నాను.

"సెరువుల."

"జారి పడ్డవా?"

"పడలే. దిగిన." అంతే, చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒడ్డున స్నానం చేసి వస్తోంది కాబోలు, బోరింగు నీళ్లు పడట్లేదేమో అనుకున్నాను. అసలు సంగతి ఇల్లుగలామె చెప్పింది. జాకెట్టు కొలతలకని వచ్చి, చేతులు చాపి నిలబడి, గొంతు తగ్గించి అంది: "మీ అత్త సెరువు నడిమిట్లకు పోతుందంట. వాడంత సూస్తున్నరు. ఏమన్న అయితే మా ఇంటి పేరు సుత ఖరాబైతది. జర చెప్పుకో బిడ్డా."

తెల్లారి అత్తమ్మ లేచిన అలికిడి కాగానే నేనూ లేచి వెనకాలే వెళ్లాను. తుమ్మచెట్ల దగ్గర నిలబడి చూస్తే నీళ్ల మీద ఇంకా పొగమంచు ఉంది. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత చాలా దూరంలో బోర్లించిన ముంతంత నల్లగా ఒక తల కనిపించింది. నీటికోళ్లు దాని పక్కనుంచి తాపీగా తప్పుకుంటున్నాయి. పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి మునిగిపోతుందేమోనని పిలవలేదు. ఆ తల మెల్లగా ఇటు తిరిగింది. దగ్గరపడే కొద్దీ చేతులు కనిపించాయి. తొందర లేదు, చప్పుడు లేదు. చేటతో చెరిగినంత తేలిగ్గా నీళ్లను అటూ ఇటూ నెట్టుకుంటూ వచ్చి, మోకాలి లోతులో లేచి నిలబడి, గోచీ పెట్టి కట్టిన చీరను విప్పి దించుకుంది.

నన్ను చూసి, "ఎందుకు ఏడుస్తున్నవ్?" అంది. నేను ఏడుస్తున్నట్టు అప్పటిదాకా నాకు తెలియదు.

అక్కడే బండ మీద కూర్చుని జుట్టు పిండుకుంటూ చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల నాయన ఆమె నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి మోటబావిలో దించేవాడట. ముగ్గురు అన్నదమ్ములకంటే ఆమెకే ముందు ఈత వచ్చిందట. బావి గట్టు మీంచి దూకి, అడుగున మట్టి పిడికిట్లో పట్టుకుని పైకి వచ్చేదట.

"మరి పెండ్లి అయినంక?"

"పెండ్లి అయినంక నీళ్లు తోడిన, నీళ్లు మోసిన, మడికి నీళ్లు కట్టిన. నీళ్లల్ల దిగలే." జుట్టు ముడి వేసుకుంటూ, "మరిసిపోయిన అనుకున్న. కాళ్లు మరువలే," అంది.

ఆమె అంత మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

ఇంట్లో దాచగలిగిన సంగతి కాదు కాబట్టి నాలుగు రోజుల్లో మా ఆయనకు తెలిసింది. మార్కెట్లో ఎవరో నవ్వుతూ అడిగారట. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాక మొదలుపెట్టాడు.

"అమ్మా, నువ్వు సెరువుల ఈత కొడ్తున్నవంట."

"ఆ."

"నలుగురు ఏమనుకుంటరే?"

"ఏమనుకుంటరు?"

ఆయన రెండు ముద్దలు తిని, "అసలు నీకు ఈత ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"నీకంటె ముందే. మీ నాయిన నీకు బాయిల ఈత నేర్పిచ్చినప్పుడు ఒడ్డు మీద నేనే ఉన్న గదరా. నీ అంగి, లాగు ఒళ్లె పెట్టుకొని కూసున్న. నువ్వు మునిగినప్పుడల్ల నా కాళ్లు గుంజినయి."

"నువ్వు ఏడుస్తుంటివి. నీళ్లంటే భయమనుకున్న."

"భయం గాదు. నేను దిగి పట్టుకుంటె నాలుగు దినాలల్ల నేర్చుకుందువు. మీ నాయినకు ఎట్లనో నేర్పరాకపాయె. నిన్ను ఊకె ముంచుతుండె. దిగుదామంటె ఆడదానికి ఈతేందని అందరు నవ్వుదురు, ఆయిన తలెత్తుకోలేడు. గందుకే కూసున్న."

మా ఆయన అన్నం మొత్తం తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. అది కోపమో సిగ్గో నాకు అర్థమయ్యేది కాదు. ఆమె మాత్రం ఏ రోజూ మానలేదు. మానమని ఆయన మళ్లీ చెప్పనూ లేదు. ఒక పొద్దున ఆయన చాయ్ తాగుతుంటే అత్తమ్మ తడి జుట్టుతో లోపలికి వచ్చింది. ఆయన గ్లాసులోకి చూస్తూనే, "నీళ్లు సల్లగున్నయా?" అన్నాడు.

"మీద ఎచ్చగున్నయి. లోపల సల్లగ," అంది ఆమె. ఆ సంగతి మా ఇంట్లో అంతటితో తెగింది.

వాడ కూడా మెల్లగా అలవాటు పడింది. ముందు నవ్విన ఆడవాళ్లే, "మీ అత్త ఇయ్యాల ఇంక రాలేదా?" అని నన్ను అడిగేవాళ్లు. నేను మందపాటి గుడ్డతో వదులుగా పొడుగు చేతుల జాకెట్టు, కింద పైజామా లాంటిది ఒకటి కుట్టి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గోచి పెడితే సాలు బిడ్డా, గిదేసుకుంటె సర్కసోళ్ల లెక్క ఉంట," అని మడతపెట్టి ట్రంకులో దాచింది.

మరో వానాకాలంలో ఒక పొద్దున ఆమె వచ్చే వేళకు రాలేదు. నేను ఒడ్డుకు వెళ్లేసరికి చేపలు పట్టేవాళ్ల తెప్ప ఒకటి ఇటే వస్తోంది. దాని మీద ఇద్దరు మగవాళ్లు, మధ్యలో ముడుచుకుని కూర్చున్న అత్తమ్మ. కాలికి వల చుట్టుకుందట. ఎంత తన్నుకున్నా వదలక మునుగుతూ తేలుతూ ఉంటే దూరాన్నుంచి చూసి వచ్చి, వల కోసి ఎక్కించారట. తెప్ప నడిపే పెద్దాయన ఇంకా కేకలేస్తూనే ఉన్నాడు.

"సావనీకె వచ్చినవా ఏందక్కా? గీ వయసుల నీకు గీ ఈతేంది?"

"వల ఏసినోళ్లు గుర్తు పెట్టాలె గద," అంది ఆమె. కాలికి మిగిలిన తాడు పోగులు విప్పుకుంటోంది.

"పెట్టినం. గాలికి బెండ్లు కొట్టుకపోయినయి. నువ్వొస్తవని మాకేమెరుక?"

ఆమె దిగి నిలబడి, కోసిన వలను చూసింది. "మంచి వల ఖరాబైంది నా పాడుగాను," అంది. ఆ మాటకు ఆయన మెత్తబడ్డాడు. "వల కుట్టుకుంటం తీ. నీ కాలుకు పసుపు పెట్టుకో పో," అన్నాడు.

కాలి మీద తాడు కోసుకున్న గాయం తొందరగానే మానింది. ఆమె మాత్రం చెరువుకు వెళ్లడం మానేసింది. ఎవరూ వద్దనలేదు. పొద్దున్నే మెలకువ వచ్చేది, లేచి వెనక గడప మీద కూర్చునేది, కూర్చుని లేచేది. మళ్లీ వాకిలి రెండుసార్లు ఊడ్చడం మొదలైంది. నా గుడ్డ ముక్కల మూటలు విప్పి మళ్లీ కట్టేది. ఒకసారి నేను, "పోలేదా అత్తమ్మా?" అంటే, "కాలు జాడిచ్చినప్పుడల్ల ఏదో పట్టుకున్నట్టయితది," అంది.

సద్దుల బతుకమ్మ వచ్చింది. ఏడాదిలో ఆ ఒక్క సాయంత్రం ఊళ్లో ఆడవాళ్లందరూ చెరువు దగ్గరికి వస్తారు. కొత్త చీరలు, తంగేడు పూల వాసన, పాట మీద పాట. ఆడుకోవడం అయ్యాక బతుకమ్మలను నీళ్లలో వదిలేటప్పుడు అందరూ పాదాలు తడిసేదాకా పోయి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, వంగి వదిలి వెనక్కి వస్తారు. నేనూ అంతే చేశాను. అత్తమ్మ మాత్రం మా బతుకమ్మను నెత్తిన పెట్టుకుని అలాగే నడుస్తూ పోయింది. మోకాళ్లు, నడుము. అక్కడ ఆగి, దించి, రెండు చేతులతో మెల్లగా ముందుకు తోసి, అది వాలి పూలు విడిపోయేదాకా నిలబడి చూసింది. కొత్త చీర పాడవుతోందని పక్కనున్నవాళ్లు అంటున్నారు. ఆమెకు వినపడలేదు.

ఆ రాత్రి ఆమె చీర పిండి ఆరేస్తూ నేను అడిగాను. "నాకు నేర్పిస్తవా?"

"ఏంది?"

"ఈత."

నా ముఖం వంక చూసింది. "నీకు భయం గదనే."

"నీక్కూడ ఇప్పుడు భయమే గద," అన్నాను. అలా అనగలనని నాకే తెలియదు. ఆమె నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. కానీ ఆమె నవ్వింది. "ఎండకాలం రానీ. నీళ్లు తగ్గుతయి," అంది.

ఎండాకాలం దాకా ఆగలేదు. నాకు నేర్పాలంటే తను ముందు దిగి చూసుకోవాలి కదా అని ఆమే మొదలుపెట్టింది. తెప్ప పెద్దాయనను కలిసి వలలు ఎటు వేస్తారో అడిగి తెలుసుకుంది. ఒడ్డు వెంబడే, ఛాతీ లోతు దాటకుండా చాలా రోజులు ఈదింది. నీళ్లు తగ్గి, ఒడ్డున పగుళ్లు తేలిన మట్టి మీద కొంగలు నడిచే కాలానికి నన్ను దించింది. నాకోసం ట్రంకులోంచి ఆ సర్కసు బట్టలే తీశాం.

మొదటి రోజుల్లో నేను చేసింది ఆమె మెడను వాటేసుకోవడమే. కాళ్ల కింద బురద, వేళ్ల మధ్య నాచు, ముక్కులో పచ్చి వాసన. ఆమె నా పొట్ట కింద అరచేయి పెట్టి ఎత్తి పట్టుకునేది. ఆ అరచేయి ఎంత గట్టిదో చెప్పలేను. నాకు ఊహ తెలిశాక నన్ను ఎవరూ అలా మోయలేదు. అత్తాకోడళ్లం ఒకే ఇంట్లో రోజంతా తిరిగేవాళ్లం కానీ ఒకరినొకరు ముట్టుకున్నది తలకు నూనె రాసేటప్పుడు, జ్వరం వస్తే నుదురు చూసేటప్పుడు, అంతే. నీళ్లలో మాత్రం నా బరువంతా ఆమెదే.

"కాళ్లు ఇడిసిపెట్టు."

"మునుగుత అత్తమ్మా."

"మునుగు. మునిగితె లేపుత."

మునిగాను. లేపింది. దగ్గి, ఉమ్మి, ఏడ్చి, ఇంక రానని ఇంటికి వచ్చేశాను. తెల్లారి ఆమె పిలవకుండానే వెనక వెళ్లాను. ఇలా ఎన్ని పొద్దులు గడిచాయో గుర్తులేదు. ఒకరోజు ఆమె నన్ను పట్టుకుని ఏదో చెబుతోంది, కోడి గుడ్ల సంగతో, కూరల సంగతో. నేను వింటూ కాళ్లు ఆడిస్తున్నాను. ఆ మాట పక్కనుంచి వస్తున్నట్టు లేదని తల తిప్పి చూస్తే ఆమె వెనక నాలుగు బారల దూరంలో నిలబడి మాట్లాడుతోంది. పొట్ట కింద ఏమీ లేదు, నీళ్లు తప్ప. ఆ సంగతి తెలియగానే మునిగాననుకోండి. కానీ ఆ కాసేపు నేను ఎవరి చేతుల్లోనూ లేను, అయినా నీళ్ల మీద ఉన్నాను.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లు పొద్దున్నే ఇద్దరం వెళ్లేవాళ్లం. ఆమె దూరం పోయేది, నేను ఒడ్డుకు దగ్గర్లోనే తిరిగేదాన్ని. పిల్ల కడుపులో ఉండి నాకు నెలలు నిండినప్పుడు మాత్రం దిగనివ్వలేదు. తొంభైల మొదట్లో మా ఆయన పనిచేసే అడ్తి షావుకారు కోదాడలో ఇంకో దుకాణం తెరిచి ఆయనను అక్కడికి పంపాడు. సామాను లారీ ఎక్కించే రోజు కూడా అత్తమ్మ చెరువులో దిగి వచ్చింది.

కోదాడలో కూడా పెద్ద చెరువు ఉంది. ఇల్లు దానికి దూరం కాకుండా చూడమని మా ఆయనను అడిగింది నేనే. అక్కడ మాట తీరే వేరు. పక్కింటావిడ ఆంధ్ర వైపు మనిషి. మొదటి రోజు మేం చెరువు వైపు వెళ్తుంటే, "అటు వెళ్లకండి పిన్నిగారూ, లోతెక్కువండి," అంది ఎంతో మర్యాదగా. అత్తమ్మ ఆమె మాటకు తలూపి, ఒడ్డుకు పోయి, వంగి నీళ్లు దోసిట్లోకి తీసుకుంది. వాసన చూసింది. ఊరు పెరిగి మురుగు అటే మళ్లింది. మేమున్న వైపు గుర్రపుడెక్క కమ్ముకుని, నీళ్లు కనపడకుండా పచ్చగా పరుచుకుని ఉంది.

"ఇవి ఈదే నీళ్లు గావు," అని దోసిలి వదిలేసి చేతులు చీరకు తుడుచుకుంది. బాధ పడుతూ అన్నట్టు లేదు, కూరగాయలు ఏరుతూ పుచ్చు పక్కన పెట్టినట్టుగా అంది. ఆ తర్వాత సాయంత్రాలు కట్ట మీద నడక మిగిలింది. అప్పటికి ఆమె మోకాళ్లు కూడా నొప్పి పెట్టేవి. ఒకసారి బతుకమ్మకు సూర్యాపేట వెళ్లినప్పుడు మా పాత ఇంటి వెనకకు పోయి చూశాం. తుమ్మచెట్లు లేవు. బర్రెల బాట మీద గోడ వచ్చింది. చెరువు ఇంకా అవతల ఉంది, కానీ దాని దగ్గరికి పోవాలంటే ఎవరిదో వాకిలి దాటాలి. ఇద్దరం అక్కడే కాసేపు నిలబడి వచ్చేశాం.

పెద్ద నీళ్ల పక్కన బతకడం వల్ల మనుషులు ఏమవుతారో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఉప్పు నీరుగారడం, గోడ చెమ్మ, దోమలు, ఇవి అందరూ చెప్పేవే. నా వరకు నేను చెప్పగలిగింది ఒకటే. చెరువు లేకపోతే నేను మా అత్తమ్మను మాట తక్కువ మనిషిగానే తెలుసుకుని ఉండేదాన్ని. ఆమె తొంభైల చివర, ఒక ఎండాకాలంలో, పెద్దగా మంచాన పడకుండానే పోయింది.

ఆమె పోవడానికి రెండేళ్ల ముందు వానలు విపరీతంగా పడి కోదాడ చెరువు అలుగు పారింది. ఊరు ఊరంతా చూడ్డానికి వెళ్తోంది. తననూ తీసుకెళ్లమంది అత్తమ్మ. మా ఆయన స్కూటర్ మీద ఆమెను కూర్చోబెట్టుకుని నెమ్మదిగా నడిపించుకుంటూ వచ్చాడు, నేను పిల్లతో వెనక నడిచాను. నిండిన నీళ్లు అలుగు బండల మీంచి పల్చగా, గాజు లాగా జారుతున్నాయి. కింద నురుగులో చేపలు ఎగురుతుంటే జనం చీరలు, దోమతెరలు అడ్డం పట్టి పడుతున్నారు. అత్తమ్మ పక్కగా ఒక బండ మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు రెండూ నీళ్లలోకి జార్చింది. నడుము దాకా తడిసింది. వెనక్కి జరగమని మా ఆయన అనబోయి ఊరుకున్నాడు. తర్వాత ఆయన కూడా ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వచ్చి పక్కన కూర్చున్నాడు. నీటి మోతలో మాట్లాడినా వినపడేది కాదు.

చీకటి పడుతుంటే లేచాం. దోమతెరలో పట్టిన ఒక రవ్వ చేపను అత్తమ్మ బేరమాడి కొన్నది. ఆ రాత్రి పులుసు తనే పెట్టింది. మా ఆయన ముళ్లు తీసి ముక్కలు ఆమె కంచంలో వేస్తుంటే, "నాకు కండ్లు కనవడ్తయిరా, నువ్వు తిను," అంది. అయినా ఆయన తీస్తూనే ఉన్నాడు, ఆమె తింటూనే ఉంది.